ఒక పుస్తకం, ఇద్దరు పిల్లలు

కంఠతా చదువుల గురించి ఆమధ్య ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశాను. వాటిమీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఏలూరు నుంచి రిటైరయిన హెడ్మాస్టరుగారొకరు కాస్త కోపంగానే రాశారు. "బట్టీ కూడదని చెప్పడం తేలికేనమ్మా! వేల ఏళ్ళనాటి గ్రంథం, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష, ఎదురుగా పదేళ్ళ పిల్లవాడు. బట్టీ లేకుండా వాడికి పాఠం చెప్పే బడి లోకంలో ఎక్కడన్నా ఉంటే చూపించండి, నమస్కారం పెడతాను" అన్నారు.

నమస్కారాలు నాకెందుకుగాని మేష్టారూ, అలాంటి బళ్ళు ఉన్నాయి. అన్నీ నెగ్గాయని చెప్పను. కాని సరిగ్గా ఈ చిక్కుతోనే తరతరాలుగా కుస్తీ పడుతున్నవాళ్ళు యూదులు. అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ, ఇంకా అనేక దేశాల్లోనూ వాళ్ళు నడిపే డే స్కూళ్ళ కథ ఈ వారం చెప్పుకుందాం.

డే స్కూలంటే హాస్టలు లేని బడి అని మన వాడుక. వాళ్ళ వాడుక వేరు. సాయంత్రం పూటో, ఆదివారం నాడో మాత్రం మతగ్రంథాలు చెప్పే బళ్ళు ఒక రకం. అలా కాకుండా రోజంతా నడుస్తూ, లెక్కలూ సైన్సూ చరిత్రా ఒక పక్క, హీబ్రూ భాషా, తోరా, తాల్ముద్ వంటి గ్రంథాలూ ఇంకొక పక్క చెప్పేది డే స్కూలు. ఒకే కప్పు కింద రెండు బళ్ళన్నమాట. పిల్లవాడి సంచీ బరువు మీరే ఊహించుకోండి.

మా చెల్లెలి కోడలు న్యూజెర్సీలో ఇలాంటి బడిలోనే లెక్కలు చెబుతోంది. లెక్కలు చెప్పడానికి మతంతో పని లేదు కదా! చేరిన కొత్తలో ఫోను చేసి, "పెద్దత్తయ్యా, మా స్టాఫు రూములో గ్రంథాలు చెప్పేవాళ్ళు ఒక మూలా, మేము ఒక మూలా కూచుంటాం. పిల్లలు మాత్రం రెండు మూలలకీ తిరగాలి" అంది. నవ్వుతూనే అందిగాని, ఆ బళ్ళ కష్టమంతా ఆ మాటలోనే ఉంది.

ఈ కష్టం ఎందుకు తలకెత్తుకున్నారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

లండనులో యూదుల ఉచిత పాఠశాల 1732లో మొదలయింది. 1900 ప్రాంతానికి అందులో సుమారు 4,000 మంది పిల్లలు చదివేవారు. యూరపులోకెల్లా పెద్ద బడి అని పేరు. రష్యా, పోలండుల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళ పిల్లలు వాళ్ళు. ఇంట్లో యిడ్డిష్ మాట్లాడేవారు. బడి ఆ భాష మాన్పించి, వాళ్ళను ఇంగ్లీషు దొరబిడ్డల్లా తయారుచేయాలని చూసింది. అమెరికాలో వలస వచ్చినవాళ్ళు చాలామంది పిల్లల్ని పగలు సర్కారు బడికి పంపించి, సాయంత్రం హీబ్రూ బడికి తోలేవారు. అప్పటికి పిల్లల్లో ఓపిక ఏముంటుంది? పక్క వీధిలో బంతాట జరుగుతూ ఉంటే చెవులు అటే ఉంటాయి.

1886లో న్యూయార్కులో ఎట్స్ హయిం అనే బడి పెట్టారు. అది దీనికి తలకిందులు. రోజంతా తాల్ముద్, సాయంకాలం కొద్దిగా ఇంగ్లీషూ లెక్కలూ. రెండు చదువులూ సమానంగా నిలబడాలనే పట్టుదలతో 1937లో న్యూయార్కులో రమాజ్ స్కూలూ, బోస్టనులో మైమోనిడీస్ స్కూలూ వెలిశాయి. 1944లో తోరా ఉమెసోరా అనే సంఘం ఊరూరా ఇలాంటి బళ్ళు పెట్టించడానికి పూనుకుంది. ఆ సంవత్సరం మాట మరిచిపోకండి. యూరపులో హిట్లరు మనుషులు 60 లక్షల మంది యూదుల్ని చంపుతున్న కాలం అది. మనుషులతోపాటు వాళ్ళ విద్యాకేంద్రాలూ బూడిదయ్యాయి. ఆ చదువు ఇక మన దగ్గర నిలవకపోతే లోకంలో ఎక్కడా నిలవదన్న భయం అమెరికాలో ఉన్నవాళ్ళకు పట్టుకుంది. అంతకుముందు పదుల్లో ఉన్న డే స్కూళ్ళు, 2018-19లో లెక్క తీసేటప్పటికి సుమారు 900 అయ్యాయి. పిల్లలు రెండు లక్షల ఎనభై వేలకు పైమాటే.

బళ్ళు పెరిగాయి, సరే. చదువు పెరిగిందా? అసలు ప్రశ్న ఇక్కడే వచ్చింది.

బడి మిగలడం వేరు, చదువు మిగలడం వేరు. మన కలకత్తాలోనే చూడండి. 1881లో యూదుల ఆడపిల్లల కోసం పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది. ఆ యూదు కుటుంబాలు దాదాపు అన్నీ ఇజ్రాయిలుకో, ఇంగ్లండుకో, ఇంకెక్కడికో వెళ్ళిపోయాయి. ఇప్పుడు అక్కడ చదివేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిం బాలికలు. ఆడపిల్లలు చదువుకుంటున్నారు, సంతోషమే. కాని ఏ పిల్లల కోసం కట్టారో ఆ పిల్లలు లేరు. వలసపోతే అలా జరిగింది. వలస పోకుండా, పిల్లలు బడిలోనే కూచుని ఉండగా చదువు వాళ్ళ చేయి దాటిపోతే? అది ఇంకా కనపడని నష్టం.

అలా దాటిపోవడానికి వీలుగానే ఉంటుంది ఆ గ్రంథం కూడా. తాల్ముద్ పుటను తెరిస్తే మధ్యలో మూలం ఉంటుంది. ఒక పక్క పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు రాషీ రాసిన వ్యాఖ్యానం, ఇంకొక పక్క ఆయన తర్వాతివాళ్ళ వ్యాఖ్యానాలు. మన పాత కావ్యాలకు టీకా తాత్పర్యం వేసినట్టే అనుకోండి. తేడా ఏమిటంటే మన టీక సందేహం తీరుస్తుంది. వాళ్ళ వ్యాఖ్యానం కొత్త సందేహం పుట్టిస్తుంది! భాష చాలా భాగం హీబ్రూ కూడా కాదు, అరమాయిక్. అచ్చుల గుర్తులుండవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో చెప్పే చుక్కలుండవు. ఇలాంటి పత్రాలు 2,700 పైన ఉన్నాయి. పన్నెండేళ్ళ పిల్లవాడి ముందు దీన్ని పెట్టి "చదువు నాయనా" అంటే ఏం చేస్తాడు? మేష్టారు చెప్పిందాన్ని అప్పజెప్పి బయటపడతాడు. హీబ్రూ ప్రార్థనలు గడగడా చదివి, ఒక్క వాక్యానికీ అర్థం చెప్పలేని పిల్లలు తయారయ్యారని ఆ బళ్ళవాళ్ళే మొత్తుకున్నారు.

మన ఇంటి సంగతి గుర్తుకొస్తోందా? నాకు వచ్చింది. చిన్నప్పుడు మా తాతగారు అమరకోశం వల్లె వేయించేవారు. అర్థం అడిగితే, "పెద్దయితే అదే తెలుస్తుంది" అనేవారు. తాతగారి మీద నాకు గౌరవం తగ్గలేదుగాని, ఆ అర్థాల కోసం నేను ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాను.

విచిత్రమేమిటంటే, మందు వాళ్ళ గ్రంథంలోనే ఉంది. ఊరూరా ఉపాధ్యాయుల్ని పెట్టి, ఆరేడేళ్ళ పిల్లల్ని బడిలో వేయమని జాషువా బెన్ గామ్లా అనే ప్రధాన పూజారి ఏర్పాటు చేశాడని తాల్ముద్ చెబుతుంది. ఒక ఉపాధ్యాయుడికి 25 మంది పిల్లలు. 40 మందయితే సహాయకుడొకడు. 50 మందయితే ఇద్దరు ఉపాధ్యాయులు. ఈ లెక్క ఎన్నో శతాబ్దాల కిందట కట్టింది! మన ఊళ్ళో ఒక్కొక్క సెక్షనులో ఎంతమందిని కుక్కుతున్నారో నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక కథ. రబ్బీ ప్రెయిదా అనే ఆయన దగ్గర ఒక మందమతి శిష్యుడుండేవాడు. ఒక్కొక్క పాఠం నాలుగు వందల సార్లు చెబితేగాని వాడికి ఎక్కేది కాదట. ఒకరోజు ఆయన్ని ఏదో ధర్మకార్యానికి పిలిచారు. ఆ రోజు నాలుగు వందల సార్లు చెప్పినా వాడికి ఎక్కలేదు. ఏమిరా అంటే, "మీరిప్పుడు లేచి వెళ్ళిపోతారేమో, ఇప్పుడు లేచి వెళ్ళిపోతారేమో అని నా మనసంతా దానిమీదే ఉందండీ" అన్నాడట. ఆయన విసుక్కోకుండా మళ్ళీ నాలుగు వందల సార్లు చెప్పాడు. దీన్ని గురువుగారి ఓపికకు నిదర్శనంగా చెబుతారు. నాకు మాత్రం శిష్యుడి జవాబు ఇంకా గొప్పగా కనపడుతుంది. పాఠం ఎక్కకపోవడానికి కారణం వాడి బుర్రలో లేదు, వాడి భయంలో ఉంది. గురువు అడిగాడు కాబట్టి అది బయటపడింది.

ఇక ఈ బళ్ళను బాగు చేయాలని పూనుకున్నవాళ్ళు ఏమేం చేశారో చూద్దాం.

మొదటిది భాష. ఎలియేజర్ బెన్ యెహూదా అనే ఆయన 1881లో జెరూసలేము చేరి, పుస్తకాల్లో మిగిలిన హీబ్రూని ఇంటి భాషగా మార్చాలని కంకణం కట్టుకున్నాడు. హీబ్రూని హీబ్రూలోనే చెప్పాలన్నది ఆయన పట్టు. ఈ పద్ధతి డే స్కూళ్ళలో చాలావాటిలోకి వచ్చింది. ఒక్కొక్క మాటకూ ఇంగ్లీషులో అర్థం చెప్పుకుంటూ పోతే పిల్లవాడికి ఇంగ్లీషే గట్టిపడుతుంది. "తలుపు వేయి", "నీళ్ళు కావాలి" దగ్గర మొదలుపెడితే భాష నోటికి పనికొచ్చే వస్తువవుతుంది. అయితే దీనికి ఆ భాష ధారాళంగా మాట్లాడే మేష్టర్లు కావాలి. వాళ్ళు దొరకడమే గగనం.

రెండోది నాకు అన్నిటికన్న నచ్చింది. దాని పేరు హవ్రూతా. తోడు అని అర్థం. ఇద్దరు విద్యార్థులు ఒకే పుస్తకం ముందు కూచుని, పైకి చదివి, అర్థం కోసం పోట్లాడుకుంటారు. వాళ్ళ పెద్ద పాఠశాలల్లో ఇది పాత ఆచారమే. యోహనాన్, రేష్ లాకిష్ అనే ఇద్దరు పండితుల కథ వాళ్ళలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. రేష్ లాకిష్ పోయాక, యోహనాన్‌కి మరో పండితుణ్ణి తోడుగా పంపించారు. ఆయన ఏం చెప్పినా కొత్తాయన "అవునండీ, దీనికి ఫలానాచోట ఆధారం ఉంది" అనేవాడు. యోహనాన్ ఏడ్చాడట. తను ఒక మాటంటే రేష్ లాకిష్ 24 ఆక్షేపణలు తెచ్చేవాడు, తను 24 సమాధానాలు చెప్పేవాడు, విషయం తేటపడేది. "అవునండీ" అనేవాడితో ఏం చేసుకోను, అని ఆయన బాధ.

చిన్న క్లాసుల్లో దీన్ని పెట్టి చూస్తే మాత్రం ఆచారం ఒక్కటీ చాలలేదు. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన కూచోబెడితే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలివైనవాడు గబగబా చెప్పేస్తాడు, రెండోవాడు తల ఊపుతాడు. లేదా ఇద్దరూ కలిసి సినిమా కబుర్లు చెప్పుకుంటారు. మాసచుసెట్సులోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఓరిట్ కెంట్ అనే ఆవిడ, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాళ్ళు ఇలా జంటలుగా చదువుతుంటే వీడియోలు తీసి, మాట మాటా పరిశీలించింది. మంచి జంటలు చేసే పనుల్ని మూడు జతలుగా విడదీసి 2010లో ప్రకటించింది. వినడం, తన మాట విడమరిచి చెప్పడం ఒక జత. ఇది ఎందుకిలా ఉందని ఆశ్చర్యపోవడం, ఒకచోట నిలబడి తరచి చూడడం రెండో జత. తోడువాడి ఊహకు బలం ఇవ్వడం, అదే ఊహను ఎదిరించి ప్రశ్నించడం మూడో జత. ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఆ బల్ల దగ్గర ఉన్నది ఇద్దరు కాదు, ముగ్గురు. మూడోది పుస్తకం. దాని మాట కూడా వినాలి. పుస్తకంలో లేనిది దాని నోట పెట్టకూడదు.

ఇవేవీ పుట్టుకతో వచ్చేవి కావు, ఒక్కొక్కటీ పిల్లలకు పనిగట్టుకుని నేర్పాలి అన్నదే ఇందులో కీలకం. వినడం కూడా ఒక పాఠమే! మనం క్లాసులో "నిశ్శబ్దం!" అని బల్ల మీద కొడతాం. అది మేష్టారి మాట వినడానికి. పక్కవాడి మాట వినడం మనకెవరైనా నేర్పారా?

ఈ పోట్లాట చదువు చాలాకాలం మగపిల్లలకే దక్కింది. 1917లో పోలిష్ నగరం క్రాకోలో, బట్టలు కుట్టుకు బతికే సారా షెనిరేర్ అనే ఆవిడ కొద్దిమంది ఆడపిల్లలతో బడి మొదలుపెట్టింది. అది బెయిస్ యాకోవ్ అనే పేరుతో ఊళ్ళూ దేశాలూ దాటింది. అందులోనూ తాల్ముద్ చెప్పలేదు. బోస్టను మైమోనిడీస్ స్కూల్లో మాత్రం, దాన్ని స్థాపించిన రబ్బీ జోసెఫ్ సొలొవేచిక్, ఆడపిల్లల్నీ తాల్ముద్ పాఠానికి కూచోబెట్టాడు. ఆయన సామాన్యుడు కాదు, సంప్రదాయం క్షుణ్ణంగా తెలిసిన మహాపండితుడు. సంప్రదాయం బాగా తెలిసినవాడికి దాన్ని చూసి భయం ఉండదు కాబోలు.

మూడోది మేష్టర్ల సంగతి. గ్రంథం వచ్చినవాడికి చెప్పడం వచ్చి తీరుతుందని వాళ్ళూ మనలాగే అనుకున్నారు. రాదని తేలింది. అంచేత కొత్త మేష్టర్లకు అనుభవజ్ఞులైన తోడు మేష్టర్లను ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. జ్యూయిష్ న్యూ టీచర్ ప్రాజెక్టు అని దానికొక సంస్థే ఉంది. రెండేళ్ళపాటు తోడు మేష్టారు క్లాసులో వెనక కూచుని చూసి, తర్వాత ఇద్దరూ మాట్లాడుకుంటారు. మార్కులు వేయడానికి కాదు, హెడ్మాస్టరుకు చెప్పడానికీ కాదు.

మా కోడలికీ బడివాళ్ళు ఇలాగే ఒక పెద్దావిడను తోడిచ్చారు. మొదటి ఏడాది దసరా రోజుల్లో ఫోను చేసినప్పుడు, "మానేస్తాను పెద్దత్తయ్యా, నేనొక్కదాన్నే గోడకు చెబుతున్నట్టుంది" అంది. సంక్రాంతికి గొంతు మారింది. "ఆవిడ వచ్చి కూచుని, నేను ప్రశ్న వేసి ఎన్ని సెకన్లు ఆగుతున్నానో లెక్కపెట్టింది. రెండట! పిల్లలు ఆలోచించేలోపల నేనే జవాబు చెప్పేస్తున్నాను. ఇప్పుడు మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుని ఆగుతున్నాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల మొన్న నోరు విప్పింది" అంది. ఇంత చిన్న విషయం పుస్తకాల్లో చదివితే తెలియదు. పక్కన ఒకరుండాలి.

ఇప్పుడు గమనించండి. పిల్లవాడికి తోడు పిల్లవాడు. మేష్టారుకు తోడు మేష్టారు. మంచి డే స్కూళ్ళు ఇప్పుడు స్టాఫు రూములో ఆ రెండు మూలల్నీ కూడా కలపాలని చూస్తున్నాయి. తోరా చెప్పే ఆయనా, చరిత్ర చెప్పే ఆవిడా కలిసి పాఠం తయారుచేసుకుంటే పిల్లవాడి తలలో రెండు బళ్ళు ఒక బడవుతాయి. పీరియడ్లు పెంచి, పుస్తకాలు పెంచి సాధించలేనిది ఈ జతల వల్ల సాధ్యమవుతుందని నా నమ్మకం.

ఇబ్బందులు లేవని కాదు. అమెరికాలో ఈ బళ్ళకు ప్రభుత్వ సాయం తక్కువ. ఫీజు ఏడాదికి ఇరవై వేల డాలర్లు దాటిన చోట్లు చాలా ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఆ బరువు ఎలా ఉంటుందో చెప్పాలా? జంట చదువుతో పాఠం నెమ్మదిగా నడుస్తుంది. సిలబస్ పూర్తి కాదని సణిగేవాళ్ళున్నారు. వల్లె వేయడం పూర్తిగా మానేస్తే మూలం నోటికి రాదు, నోటికి రానిదానిమీద వాదన ఏం చేస్తారని అడిగే పెద్దలూ ఉన్నారు. ఆ మాటలో న్యాయముంది. రబ్బీ ప్రెయిదా నాలుగు వందల సార్లు చెప్పడం వల్లె వేయించడమే మరి. కాకపోతే వల్లె వేయడం మెట్టు. మెట్టు మీదే కాపురం పెట్టకూడదు.

మన సంగతి చెప్పి ముగిస్తాను. అమెరికాలో మన పిల్లలు కూడా ఇప్పుడు వారాంతపు తెలుగు బళ్ళకు వెళుతున్నారు. వారం రోజులు ఇంగ్లీషులో మునిగి, ఒక్క పూట తెలుగులో తేలడం. ఒక తరం యూదు పిల్లలు సాయంత్రం బళ్ళలో పడిన అవస్థే ఇది. మనవడు ఫోనులో పద్యం తప్పులేకుండా చదివితే మనం పొంగిపోతాం. చదవడం అయ్యాక "ఇందులో నీకు నచ్చనిది ఏమిట్రా?" అని అడిగి చూడండి. వాడు తెల్లమొహం వేస్తే తప్పు వాడిది కాదు. వాడికి పద్యం ఇచ్చాంగాని, పద్యంతో మాట్లాడే తోడు ఇవ్వలేదు. యూదుల ఇళ్ళలో పస్కా పండుగ రాత్రి భోజనాల దగ్గర అందరికన్న చిన్నవాడు నాలుగు ప్రశ్నలు అడగాలి. అడిగితేగాని పెద్దలు కథ ఎత్తుకోరు. ప్రశ్న అడగడం అక్కడ పెంకెతనం కాదు, పండుగలో భాగం.

ఏలూరు మేష్టారూ, మీరు అడిగిన బడి చూపించాను. ఇక మిగతా పాఠకులకు ఒక చిన్న పని. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఈ ఆదివారం వాళ్ళకు ఒకే పుస్తకం ఇవ్వండి. రెండు ప్రతులు వద్దు, ఒక్కటే. ఒకరు ఒక పేరా చదవాలి, రెండోవారు దాన్ని తమ మాటల్లో చెప్పాలి. చెప్పింది సరిగా ఉందో లేదో చదివినవారు చెప్పాలి. తర్వాత తలొక ప్రశ్న వేసుకోవాలి. ఒక్కడే ఉంటే పక్కింటి పిల్లను పిలవండి, అదీ కుదరకపోతే మీరే కూచోండి. మధ్యలో జవాబు మీకు నోటిదాకా వస్తుంది. మింగేయండి, పది లెక్కపెట్టండి.

గొడవ మొదలయిందంటే చదువు మొదలయిందన్నమాట. వాళ్ళు దేని గురించి పోట్లాడుకున్నారో నాకొక ఉత్తరం రాయండి.